ఊడని బాల్ జాయింటు

మా ఆయన ఓడలో, ఇంజను గదిలో పనిచేస్తారు. ఏడాదికి నలభై రోజులు మొగుడు, మిగతా రోజులు ఫోన్లో గొంతు. ఈసారి నలభై రోజులూ బుధవారంతో అయిపోయాయి. అయినా ఆయన ఇంకా మా ఇంటి ముందే, కారు కింద ఉన్నారు.

పంతొమ్మిదేళ్ల కారు. గుంతలో పడ్డప్పుడల్లా ఎడమవైపు ముందు చక్రం దగ్గర లొడలొడమంటోంది. చక్రాన్ని పట్టుకుని ఉండే బాల్ జాయింటు అరిగిపోయిందని ఆయనే తేల్చారు. పాతది తీసి కొత్తది పెట్టడం గంట పనన్నారు. ఆ గంట నాలుగు రోజులుగా నడుస్తోంది. మెకానిక్‌ని పిలుద్దామంటే, "ఓడ ఇంజన్లు విప్పేవాణ్ణి, నాకు మెకానిక్కా?" అన్నారు. చక్రం ఊడేలా ఉన్న బండిని నాకు వదిలి వెళ్లలేనని, ఓడవాళ్లని రెండుసార్లు గడువు అడిగారు.

అంటే, ఆ జాయింటు ఎన్నాళ్లు ఊడకపోతే అన్నాళ్లు ఆయన ఇక్కడుంటారు. జీవితంలో మొదటిసారి నాకు తుప్పు మీద గౌరవం కలిగింది.

అసలు సంగతేమిటంటే, అదెలా ఊడుతుందో నాకు తెలుసు. మా నాన్న కార్ల షెడ్డు నడిపేవారు. కాలేజీలో తర్కశాస్త్రం చదివానుగానీ అది మా అత్తగారి ముందు ఒక్కనాడూ పనికిరాలేదు. షెడ్డులో చూసింది మాత్రం మర్చిపోలేదు. జాయింటుకున్న కాడ ఒక ఇనుప కంటిలో, అంటే గుండ్రటి రంధ్రంలో, బిగుసుకుని ఉంటుంది. కాడని కొడితే దాని చివర చితుకుతుందే తప్ప కదలదు. కొట్టాల్సింది కంటి పక్కన. అటువైపు బరువైన సుత్తి ఆనించి, ఇటునుంచి గట్టిగా రెండు దెబ్బలు వేస్తే కన్ను పట్టు వదిలేస్తుంది.

మా ఆయన నాలుగు రోజులుగా కాడనే కొడుతున్నారు. నేను నాలుగు రోజులుగా టీ ఇస్తున్నాను.

"ఒరేయ్, నాలుగు రోజుల్నుంచీ దాని కిందే పడుంటున్నావు. ఇక దాంతోనే కాపురం పెట్టు," అన్నారు అత్తగారు కిటికీలోంచి.

"ఉండమ్మా, కాస్త కదిలినట్టుంది."

"నిన్నా అదే అన్నావు. కదిలింది నీ నడుం."

నేను మెట్టు మీద కూర్చుని పానాలు అందించేదాన్ని. పదిహేడు నంబరు అడిగితే పంతొమ్మిది ఇచ్చేదాన్ని. అప్పుడాయన తల బయటపెట్టి, నన్ను చూసి విసుక్కునేవారు. విసుగు ఫోన్లోనూ వినపడుతుంది. కనుబొమల మధ్య పడే ఆ ముడత కనపడదు.

శనివారం పొద్దున ఓడ నుంచి ఫోను. చేతులకి గ్రీజని స్పీకరు పెట్టారు.

"రేపు సాయంత్రం ఆరింటికి ఓడ కదులుతుంది. మీరు రాకపోతే మీ చోట ఇంకొకర్ని ఎక్కిస్తాం."

"ఎక్కించండి సార్. ఇలాంటి బండి మా ఆవిడ చేతికిచ్చి రాలేను."

"తొందరపడకండి. గంటలో ఆలోచించుకుని చెప్పండి."

ఈసారి ప్రయాణంలోనే ఆయనకి చీఫ్ ఇంజనీరు హోదా రావాలి. దానికోసం పదకొండేళ్లుగా ఎదురుచూస్తున్నారు. నా టీకీ నా పంతొమ్మిది నంబరు పానాకీ ఆ పదకొండేళ్లు బలైపోతున్నాయి.

లేచి కొంగు దోపుకున్నాను.

"కాస్త జరగండి."

"ఎందుకూ?"

"జరగండి ముందు. ఆ గడ్డపలుగు కింద వేసి నొక్కి పట్టుకోండి. నట్టు తియ్యకండి, ఒక్కసారిగా ఊడి మొహాన పడుతుంది."

ఎడమచేత్తో పెద్ద సుత్తి ఆనించి, కుడిచేత్తో చిన్నదెత్తి కొట్టాను. మొదటి దెబ్బకి తుప్పు రాలింది. రెండో దెబ్బకి టక్కుమని వదిలేసింది. ఆయన ఇనుము వైపు చూశారు, తర్వాత నా వైపు.

"ఇది నీకెప్పట్నుంచి తెలుసు?"

"ఆరో తరగతి నుంచి."

"మరి నాలుగు రోజులుగా చెప్పవేం?"

'మీరడగలేదుగా' అందామనుకున్నాను. అలాంటి జవాబులు నా దగ్గర బోలెడుంటాయి.

"ఊడితే వెళ్లిపోతారుగా," అన్నాను.

పంతొమ్మిదిసార్లు గేటు దాకా సాగనంపాను. 'జాగ్రత్త' తప్ప ఏ రోజూ ఇంకో మాట అనలేదు. ఆయన గడ్డపలుగు మెల్లగా కింద పెట్టారు. చేతులు తుడుచుకోకుండానే ఓడకి ఫోన్ చేసి, వస్తానని చెప్పారు. తర్వాత వచ్చి మెట్టు మీద నా పక్కన కూర్చున్నారు.

"రేపు మధ్యాహ్నం బయల్దేరినా ఓడ అందుకోవచ్చు," అన్నారు. "కొత్తది పొద్దున్నే లేచి బిగిస్తాలే."

"ఇప్పుడే బిగించొచ్చుగా?"

"బిగిస్తే మా అమ్మ లోపలికి రమ్మని సామాను సర్దిస్తుంది."

లోపల్నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఏమర్రా, చప్పుడాగింది! ఊడిందా?"

ఆయన నా చేతిలోంచి సుత్తి తీసుకున్నారు.

"ఇంకా లేదమ్మా!" అని అరిచి, అప్పటికే వదిలేసిన ఇనుము మీద టంగుమని ఒకటి వేశారు.