పద్దెనిమిదో అడుగు

“కుటుంబ కారణాలు అని రాసి పడెయ్. రెండు ముక్కలు. దానికోసం మూడు రోజులుగా ఆ ఫోన్ పట్టుకుని కూర్చోవాలా?” అన్నారు మా ఆయన, నీలం చొక్కా కోసం బీరువా గాలిస్తూ. చొక్కా ఆయన కళ్లెదురుగానే వేలాడుతోంది. తీసి ఇచ్చాను. ఈ ఇంట్లో వస్తువులు నాకు తప్ప ఎవరి కళ్లకూ ఆనవు.

ఆయన చెప్పింది ఒక ఫారం గురించి. పదిహేనేళ్లు దాటి పనిచేసిన, నాలా తోటలూ దారులూ గీసే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టులకు ఇచ్చే ఫెలోషిప్ అది. ఎవరూ చేయని ఆలోచన ఏదైనా మీ దగ్గరుంటే ఏడాదిపాటు ఆ పనే చేసుకోండి, ఖర్చులు మేం చూసుకుంటాం అంటారు. నెలలో సగం రోజులు ఊళ్లు తిరగాలి. గడువు ఈ సాయంత్రం ఐదింటికి. గళ్లన్నీ నింపాను, ఒక్కటి తప్ప. ‘వృత్తిలో విరామం: ఆరేళ్లు. ఆ కాలంలో ఏం చేశారు?’ ఆ ప్రశ్న చూసినప్పుడల్లా ఫోన్ పక్కన పెట్టేస్తున్నాను. పొద్దున్నుంచి రెండుసార్లు పాలు పొంగబెట్టాను. నలభై తొమ్మిదేళ్లదాన్ని, పరీక్ష హాల్లో పెన్ను మర్చిపోయిన పిల్లలా అయిపోయాను.

ఆరేళ్లు ఏం చేశానో నాకు తెలుసు. అత్తయ్యకు పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయింది. “పరాయి మనిషిని పెడితే అమ్మకు నచ్చదు” అన్నారు ఈయన. “నీలా చూసుకునేవాళ్లు ఎవరున్నారు వదినా” అంది ఆడపడుచు ఫోన్లో. మెచ్చుకుంటూ నోరు కట్టేయడం మా ఇంట్లో అందరికీ వెన్నతో పెట్టిన విద్య. మళ్లీ సగంపూట పనికి ఆఫీసులో చేరేసరికి, ఒకప్పుడు నా పక్కన కూర్చుని ప్లానులో చెట్టుకి ఎంత గుండ్రం గీయాలో నేర్చుకున్న కుర్రాడు నాకు బాస్ అయ్యాడు. పోయిన వారం నా ఆలోచన అతనికి చెప్పాను. “మేడమ్, ఒక్కరి చేతి నొప్పి డేటా ఎలా అవుతుంది? జ్యూరీ నవ్వుతారు, మీ మంచికే చెప్తున్నా” అన్నాడు. అతను మర్యాదగానే అన్నాడు. అందుకే ఇంకా మండింది.

నా ఆలోచన పెద్దదేం కాదు. చక్రాల కుర్చీ ఎక్కే వాలుకి పుస్తకంలో ఒక లెక్క ఉంది. పన్నెండు అడుగుల పొడవుకి ఒక అడుగు ఎత్తు మించకూడదు. అది కుర్చీకి సరిపోయే లెక్క. వెనక నెట్టే మనిషి వయసెంత, మణికట్టు ఎలా ఉంది, రాత్రి నిద్రపోయిందా లేదా, పుస్తకం అడగదు. నెట్టేవాళ్ల కొలతతో ఒక తోట, దానికి దారులు గీయాలని నా కోరిక. దాని వెనక ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. అత్తయ్యను వ్యాయామానికి తీసుకెళ్లే క్లినిక్ ముందున్న ముప్పై అడుగుల వాలు గీసింది నేనే. పద్దెనిమిదేళ్ల క్రితం. పుస్తకం ప్రకారం వెంట్రుకవాసి తప్పు లేదు. అందరూ మెచ్చుకున్నారు. దాన్ని నా చేతులతో ఎక్కేదాకా నాకు సిగ్గు వేయలేదు. ఇప్పుడిది ఫారంలో రాస్తే నా తప్పు నేనే జ్యూరీ ముందు పెట్టుకున్నట్టు. రాయకపోతే మిగిలేది ‘కుటుంబ కారణాలు’.

మూడున్నరకి ఆయన చెప్పులేసుకుంటుంటే అడ్డుపడ్డాను. “ఈ రోజు మీరూ క్లినిక్కి రావాలి. అత్తయ్యని మీరే నెట్టాలి.”

“రోజూ నువ్వు తీసుకెళ్తావు కదా?”

“అందుకే. నాకు రెండో మనిషి కావాలి.”

ఏమనుకున్నారో, వచ్చారు. దారి పొడవునా నాకు ఒకటే ఆలోచన. ఆయన ఆ వాలు హాయిగా ఎక్కేస్తే? అప్పుడు నాదంతా వట్టి గొణుగుడే, బాస్ అన్నదే నిజం. సంచిలో కొలత టేపు ఉందో లేదో నాలుగుసార్లు తడుముకున్నాను.

నాలుగూ ఇరవైకి వాలు మొదట్లో నిలబడ్డాం. ఆయన ఈల వేస్తూ మొదలుపెట్టారు. పది అడుగులకి ఈల ఆగింది. పద్నాలుగు దగ్గర మోచేతులు వంగాయి. ఆ తర్వాత చక్రం కదల్లేదు.

“ఏంటిది, ఇంత ఎత్తుందా! చూస్తే ఏం లేదే!”

“దూరపు కొండలు నునుపురా నాన్నా” అంది అత్తయ్య కుర్చీలోంచి. నా వంట నుంచి నా నడక దాకా దేన్నీ వదలకుండా వంక పెట్టిన మనిషి. “నువ్వు ఆ పక్కనున్న ఎర్ర పూలకుండీ దాకా కూడా రాలేదు. తను కుండీ దగ్గర ఆగుతుంది. రోజూ అక్కడే.”

నేను టేపు పరిచాను. కుండీ సరిగ్గా పద్దెనిమిదో అడుగు దగ్గర ఉంది. “మీకెలా తెలుసు అత్తయ్యా? మీరు వెనక్కి తిరగలేరుగా.”

“తిరగడమెందుకు అమ్మాయ్? నీ ఊపిరి నా మెడ మీదే కదా పడేది.”

నాకు ఏడుపొచ్చింది. ఆరేళ్లు ఒక్క మంచి మాట అనని మనిషి, నా ఊపిరి లెక్కపెట్టింది. అడిగితే ముందే చెప్పేదేమో. నేనూ ఎప్పుడూ అడగలేదు.

“ఏం చేస్తున్నావక్కడ? బ్రేకు పట్టట్లేదు, వచ్చి పట్టుకో!” అన్నారు ఆయన. మెడ నరాలు తేలాయి.

ఆయనకి రెండడుగుల దూరంలోనే ఉన్నాను. ఫోన్ తీశాను. పొద్దున ఆయన పోరు పడలేక టైపు చేసిన రెండు ముక్కలూ చెరిపేశాను. ‘ఆరేళ్లు: క్షేత్ర పరిశీలన’ అని రాశాను. ‘నేను గీసిన వాలుని నేనే రోజూ ఎక్కాను. అది తప్పు. నేను పద్దెనిమిదో అడుగు దగ్గర ఆగాను. యాభై రెండేళ్ల ఆరోగ్యవంతుడు పద్నాలుగు దగ్గర ఆగాడు. సాక్షి: కుర్చీలో కూర్చున్నావిడ.’ పంపే బొత్తాం నొక్కాను. ఫారం వెళ్లింది. నవ్వుకుంటారో, పిలుస్తారో తెలియదు.

“ఇంకెంతసేపు పట్టుకోవాలి దీన్ని?” అని అరిచారు.

ఫోన్ సంచిలో వేసుకుని, టేపు చుట్టుకున్నాను.

“ఏడాది” అన్నాను.