కుర్చీల వలయంలో నవాల్

వీబె అనే ముసలాయన మా వృద్ధాశ్రమానికి వచ్చిన రోజే నర్సు నవాల్‌ని చూసి కాలు వెనక్కి లాక్కున్నాడు. కాలికి మానని పుండు, రోజూ కట్టు మార్చాలి.

"తలకి గుడ్డ చుట్టుకున్న మనిషి నా కాలు ముట్టుకోవడానికి వీల్లేదు. మనవాళ్లనెవరినైనా పంపండి" అన్నాడు.

మతి తప్పిందని క్షమించేద్దామంటే, ముసలాయనకి ఒకప్పటి తన పాడి ఆవులన్నిటి పేర్లూ ఇప్పటికీ కంఠతా వచ్చు.

నవాల్ పుట్టి పెరిగింది మా ఊరు ఖ్రోనింగెన్‌లోనే. ఆమె కట్టు మారిస్తే నొప్పి తెలియదు. ఇదే నర్సు ఉద్యోగంలో నా తల నెరిసింది గాని, నాకా నేర్పు రాలేదు. ఆ పిల్లంటే నాకు ప్రాణం. దాచుకోవడం దేనికి?

మా సూపర్‌వైజర్ యోరిస్ మంచివాడు. వచ్చిన చిక్కల్లా ఆ మంచితనంతోనే. గొడవ అన్న మాట వింటే చాలు, వాడికి కాళ్లు చల్లబడతాయి. డ్యూటీ బోర్డు మీద వీబె గది పక్కన నవాల్ పేరు చెరిపి నా పేరు రాశాడు. నవాల్‌ని అవతలి వరండాకి మార్చాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

ఒక మధ్యాహ్నం కాఫీ తాగుతుంటే నవాల్ కప్పు పక్కన పెట్టేసి యోరిస్ వైపు తిరిగింది.

"ఆయన నన్ను బయటికి పొమ్మన్నాడు. నువ్వు తలుపు తీసి పట్టుకున్నావు."

"అయ్యో, అది కాదు నవాల్. నువ్వు బాధపడకూడదని, నీ మంచికే..." అన్నాడు యోరిస్.

"నా మంచేదో నన్నడక్కుండా నీకెలా తెలిసింది? ఇంకొక్కసారి నా పేరు చెరుపు, చూస్తాను. ఈ ఉద్యోగమే మానేసి పోతాను."

ఊరికే బెదిరించే పిల్ల కాదు అది. ఆమె లేచి వెళ్లగానే నేను యోరిస్ మీద పడ్డాను.

"మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు. నిన్ను చూస్తే నాకిప్పుడు సరిగ్గా అదే బుద్ధి పుడుతోంది."

"రేపు ఆయన పుట్టినరోజు గ్రెడా. అది అయిపోనీ, చూద్దాం."

"చూద్దాం చూద్దాం అంటూనే పిల్లని పోగొట్టుకుంటావు."

మర్నాడు హాల్లో కుర్చీలు గుండ్రంగా వేశాం. వీబె కూతురు, అల్లుడు, పెద్దక్క హిల్లీ, మా ఆశ్రమం వాళ్లు కొందరు కూర్చున్నారు. మా వైపు పుట్టినరోజు మనిషికి ఒక్కడికే చెబితే సరిపోదు. వలయంలో ఉన్న ప్రతివాళ్లతోనూ చెయ్యి కలిపి, మీవాడి పుట్టినరోజు, మీకు అభినందనలు అనాలి. ఎవర్నైనా దాటేస్తే అవమానం.

తన వరండా వాళ్లకి మాత్రలిద్దామని వచ్చిన నవాల్ పద్ధతి తప్పలేదు.

"మీ తమ్ముడి పుట్టినరోజు, అభినందనలు హిల్లీ గారూ. మీ నాన్నగారి పుట్టినరోజు, అభినందనలండీ."

అలా అందరితో చెయ్యి కలుపుతూ వీబె దగ్గరికొచ్చి చెయ్యి చాపింది. ఆయన రెండు చేతులూ దుప్పటి కింద పెట్టేసుకున్నాడు.

"దీన్నెవరు పిలిచారు?"

నవాల్ చెయ్యి అలాగే ఉండిపోయింది. నేను నోరు తెరిచేలోపే కేకు కోస్తున్న యోరిస్ తలెత్తాడు. చెవులు ఎర్రగా కందిపోయాయి.

"నేనే పిలిచాను" అన్నాడు. అక్కడితో ఆగలేదు. "మీకు వైద్యం ఎప్పుడూ ఆగదు వీబె గారూ. కానీ బట్టా మతమూ చూసి నర్సుని ఎంచుకోవడం ఇవాళ్టితో సరి. మా పిల్లని నోటికొచ్చినట్టు అనడం కూడా సరి."

వాడి చేతిలో కేకు కత్తి ఇంకా అలాగే ఉంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"నా పుట్టినరోజు పూట నన్నే..." అని మొదలుపెట్టాడు వీబె.

"నోర్మూసుకోరా!" అంది హిల్లీ.

నడక బండి పట్టుకుని లేచింది. మెల్లగా వలయం దాటుకుంటూ వచ్చి, గాలిలో మిగిలిపోయిన నవాల్ చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"మా వీబె పుట్టినరోజమ్మా. నీకు అభినందనలు."

ఆ మాట సొంతవాళ్లకే చెబుతారు. తరవాత కూతురు లేచింది, ఆ వెనక అల్లుడు. ఒక్కొక్కళ్లే వచ్చి నవాల్ చెయ్యి పట్టుకుని అదే మాట చెప్పారు. నవాల్ కళ్లలో నీళ్లు, పెదవుల మీద నవ్వు.

"ఈయన్ని నాకు అంటగడుతున్నారా? నేనేం పాపం చేశానండీ!"

హాలంతా గొల్లుమంది. వీబె ఒక్కడే మూతి ముడుచుకున్నాడు. కాసేపటికి గొణిగాడు.

"అన్నది తప్పే."

"ఏదండీ? చాలా అన్నారు" అంది నవాల్.

"అన్నీను."

ఆయన మనసు మారిందని నేను ఒట్టేసి చెప్పను. అక్క భయమే కావచ్చు.

మాత్రలిచ్చి నవాల్ బయటికొచ్చేసరికి యోరిస్ డ్యూటీ బోర్డు ముందు నిలబడి ఉన్నాడు.

"వీబె గది నీకు రాయనా నవాల్? వద్దంటే వద్దు. నువ్వెలా అంటే అలా."

ఆమె వాణ్ణి ఎగాదిగా చూసింది.

"ఇన్నాళ్లకి అడిగావు. రాయి నా పేరు. పెద్దక్షరాలతో రాయి."