సమ్మె లేని పొయ్యి

"ఏందే ఆ గీకుడు? ముందటింట్ల మంది కూసున్నరు, ఇనొస్తున్నది."

కరుణాకర్ వంటింటి గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించి అన్నాడు. రాజమణి చేతిలో గరిటె ఆగిపోయింది. అన్నం గిన్నె అడుగున అంటుకున్న మాడును గీక్కొని, మీద ఇంత మజ్జిగ పోసుకొని తినడం పెళ్లైన దగ్గరనుంచీ ఆమెకు మధ్యాహ్నపు భోజనం. ఇన్నేళ్లలో ఆ చప్పుడు ఆయన చెవిన పడింది ఇప్పుడే. అదీ ఆయన ఇంట్లో ఉన్నాడు కాబట్టి.

"చాయ్ పెట్టు జర. శివ్వంపేట సార్ గూడ వచ్చిండు, చక్కెర ఎక్కువెయ్యి" అని వెళ్లిపోయాడు.

గిన్నె పక్కన పెట్టి రాజమణి మళ్లీ పొయ్యి వెలిగించింది. సకల జనుల సమ్మె మొదలైన నాటి నుంచీ ఇంట్లో ఇదే వరస. బస్సులు డిపో దాటడం లేదు, బడులకు తాళాలు, కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. తహసీల్ ఆఫీసులో గుమాస్తా అయిన కరుణాకర్ పొద్దంతా చౌరస్తా దగ్గరి టెంటులో కూర్చుని, ఎండ ముదిరాక తోటివాళ్లను వెంటబెట్టుకొని ఇంటికి వస్తాడు. "సకల జనులంటే అందరు సార్! పని బంద్ పెట్టని మనిషి ఒక్కరు మిగలద్దు" అని ఆయన ముందు గదిలో చెబుతూ ఉంటే, ఇవతల రాజమణి చాయ్ వడగడుతూ వినేది. తెలంగాణ రావాలని ఆమెకూ ఉంది, ఆయనకన్నా ఎక్కువే ఉంది. కానీ సమ్మె వచ్చిన నాటి నుంచీ తనకు పని రెండింతలు ఎందుకైందో మాత్రం ఆమెకు అంతుబట్టలేదు. ఊరంతా ఆగిపోయింది, తన పొయ్యి తప్ప.

అయితే ఆ వేళ ఆమె మనసు పొయ్యి మీద లేదు. హైదరాబాదులో యూనివర్సిటీ హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ చదువుతున్న ఒక్కగానొక్క బిడ్డ స్నేహలత ఫోన్ నిన్నటి నుంచి స్విచాఫ్ వస్తోంది. ఏడో తరగతితో చదువు ఆగిన రాజమణి పేపరు కూడబలుక్కొని చదివేది దెబ్బలు తగిలిన పిల్లల పేర్ల కోసమే. టీవీలో పొగ కనబడితే చాలు, ఆ పొగలో బిడ్డ చున్నీ కోసం వెతుకుతుంది. భయపడటంలో ఆమెకు ఒక పద్ధతి ఉంది. ముందే అనుకున్న ఆపద రాదని ఆమె నమ్మకం. అందుకే లేవగానే ఒక్కొక్కటీ వరసగా తలుచుకొనేది: లాఠీ తలకు తగలడం, పొగకు కళ్లు పోవడం, ఉరుకులాటలో కాలు విరగడం, ఠాణాలో పెట్టడం, దవఖానా నుంచి ఫోన్ రావడం. ఇవన్నీ తలుచుకున్నాకనే ముఖం కడుక్కునేది. ఒక్కటి మరిచిపోతే అదే జరుగుతుందేమోనని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేది.

చాయ్ గ్లాసులు పళ్లెంలో పెట్టుకొని ముందు గదిలోకి అడుగు పెట్టిందో లేదో, వాకిట్లో ఆటో ఆగింది. ఆటో కాదది, తంగేడు పూల గుట్ట! పసుపుపచ్చని మోపుల మధ్య నుంచి ముందు ఒక సంచి బయటపడింది, తర్వాత ఒక చెప్పు, ఆ తర్వాత నెత్తి నిండా పూరేకులతో స్నేహలత.

"అమ్మా!"

పళ్లెం ఎవరి చేతిలో పెట్టిందో రాజమణికి తెలియదు. వాకిట్లోకి ఉరికి బిడ్డ తల తడిమింది, జుట్టు పాయలు తీసి చూసింది, చేతులు తిప్పి చూసింది, కనురెప్పలు పైకెత్తి చూసింది.

"అంగట్ల మేక పిల్లను చూసినట్టు చూస్తున్నవేందమ్మా! పండ్లు గూడ చూడు" అని స్నేహ నవ్వింది.

"ఫోనెందుకు బంద్ పెట్టినవే? పానం పోయింది నాకు!"

"కరెంటు లేకపాయె, చార్జింగెక్కడిది? కౌడిపల్లి దాకా జీపుల నిలవడొచ్చినం. ఆడనుంచి ఏం దొరకలే. గీ అన్న బతుకమ్మ పూలు తెస్తుంటే ఆపినం. పూల మీదనే కూసోమన్నడు."

వెనక నుంచి రిదా దిగింది. ఖిల్లా కింది గల్లీలో ఉండే టైలర్ సాబెరా బిడ్డ. చిన్నప్పటి నుంచీ స్నేహకు జత, ఇప్పుడు హాస్టల్లో ఒకటే గది. రాజమణి ఆమెనూ వదల్లేదు, ఆమె మోచేతులూ తడిమి చూసింది.

"మాకేం దెబ్బలు తగల్లే ఆంటీ" అంది రిదా. "అందరు లాఠీలకు పడితే, మీ బిడ్డ లాఠీ లేకుండనే పడ్డది."

"రిదా! నోరు మూస్కో" అని స్నేహ కసిరింది.

"ఎందుకు మూస్కోవాలె? ఆంటీకి తెల్వద్దా?" రిదా వాకిట్లో గద్దె మీద కూర్చుని అంతా చెప్పేసింది. సమ్మెతో మెస్ బంద్ అయింది. అమ్మాయిలంతా తలా ఇంత బియ్యం, పప్పు కలుపుకొని గదిలో వండుకోవడం మొదలుపెట్టారు. గరిటె స్నేహ చేతికొచ్చింది. రోజూ అందరికీ వడ్డించి, అడిగితే 'నేను తిన్న' అనేది. ఊరేగింపు రోజు గేటు దగ్గర ఇంకా ఎవరూ ఉరకనే లేదు, పోలీసులు దూరంగానే ఉన్నారు, స్నేహ చక్కరొచ్చి దబ్బున పడింది. డాక్టరమ్మ కళ్లు చూసి, నాలుక చూసి, 'అన్నం తిని ఎన్ని రోజులైంది?' అని అడిగింది. "'నేను తిన్న, నేను తిన్న' అనుడే ఆంటీ! కండ్లు తెరవంగనే గూడ అదే మాట!"

పూల ఆటో వెళ్లిపోయింది. రాజమణి వాకిట్లో అలాగే నిలబడిపోయింది. ఎన్ని తలుచుకుంది తను! లాఠీ, పొగ, ఠాణా, దవఖానా. తలుచుకోనిది ఒక్కటే, ఖాళీ కడుపు. అది ఆమెకు ఆపదలా ఎన్నడూ తోచలేదు. ఇంట్లో గోడలాగా, పొయ్యిలాగా ఉండేదది. స్నేహ కడుపులో ఉన్నప్పుడు ఒక పొద్దున కళ్లు తిరిగి, పొయ్యి పక్కనే ఒక రొట్టె తుంచుకుంది రాజమణి. అత్త చూసింది. "మగోళ్లు ఇంక కూసోనే లేదు, నీకప్పుడే ఆకలా? మా ఇంట్ల గిట్ల లేదు" అని చేతిలోని రొట్టె తీసుకొని తిరిగి గంపలో వేసింది. ఆ రోజు నుంచి ఎవరు అడిగినా రాజమణి జవాబు ఒక్కటే, నేను తిన్న. అడిగినవాళ్లకూ హాయి, తనకూ గొడవ లేదు. ఆ మాట వింటూనే ఈ పిల్ల పెరిగింది. చీరలు, నగలు ఏవీ ఇవ్వకముందే ఆ మాట ఇచ్చి పంపింది తను.

ముందు గది ఖాళీ అయ్యాక కరుణాకర్ బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకున్నాడు.

"చాలు బిడ్డా, ఇగ పోకు. సమ్మె అయినంక చూద్దాం. అయినంక గూడ ఏం చూస్తం, ఇంట్ల ఉండే పరీక్ష రాయి."

"ఎల్లుండి ముక్తార్ మామ కూరగాయల బండి పోతున్నది డాడీ. నేను, రిదా అండ్ల పోతం. నా ప్రాజెక్టు మొక్కలు ఎండుతయి. వాచ్‌మన్ ఎల్లుండి దాకనే నీళ్లు పోస్తనన్నడు. అవి ఎండితే ఏడాది పాయె."

"మొక్కల కంటె మీ అమ్మ ఎక్కువ గాదా? నువ్వు ఆడుంటే ఆమె తిన్నది లేదు, పండుకున్నది లేదు. బీపీ గోలీలు మింగుతున్నది. ఆమె కోసమన్న ఉండు."

స్నేహ తల్లి వైపు చూసింది. ఆయన చెప్పినదంతా నిజమే. తన భయమంతా నిజమే. కానీ ఆ భయాన్ని తాడులా పేని బిడ్డ కాలికి కట్టడానికి ఆయన చేతికి ఎప్పుడిచ్చింది తను?

సాయంత్రం తల్లీబిడ్డలు వాకిట్లో రేపటి బతుకమ్మకు గునుగు పూలు కట్టలు కడుతూ కూర్చున్నారు. సద్దుల బతుకమ్మ రేపే. స్నేహ హుషారుగా కబుర్లు చెప్పసాగింది. తను పడిపోయిన రోజు నుంచి గదిలో కొత్త కానూను వచ్చిందట, వండినోళ్లే ముందు తినాలె. ఇంకోటి, పొద్దుగూకంగానే అందరూ డాబా ఎక్కి, ఆ రోజు ఎవరికి థ్యాంక్స్ చెప్పాలో ఒక్కొక్కరు చెప్పాలట.

"గంత లడాయిల థ్యాంక్సేందే? ఎవలికి?"

"గందుకే అమ్మా. పొద్దంత ఏడుపే ఉంటది గద. మాపటికి ఒక్కటన్న మంచిది దొరకబట్టాలె. ఒకరోజు నీళ్ల ట్యాంకరుకు చెప్పినం. ఒకరోజు రిదా కుట్టిచ్చిన చెప్పుకు చెప్పినం. ఇయ్యాల నువ్వు చెప్పు."

"నాకేం తెల్వదు పో."

"చెప్పాలె!"

రాజమణి ఆలోచించింది. భయాలైతే తడుముకోకుండా వరసగా చెప్పగలదు. దీనికి చాలాసేపు పట్టింది. "గా పూల ఆటో పిలగానికి" అంది చివరికి, సిగ్గుపడుతూ. "ఆపిండు గద, నిన్ను ఎక్కించుకున్నడు గద." చెప్పగానే గుండెలో ఏదో ఒకటి వదులైనట్టు అనిపించింది. నవ్వొచ్చింది కూడా.

"శెబ్బాష్! ఇగ రెండోది. ఇయ్యాల నీ పానానికి నువ్వు ఏం చేసుకున్నవ్?"

"అంటే?"

"నెత్తికి నూనె రాస్కునుడో, జరసేపు పండుడో, ఇష్టమైంది తినుడో. నీ కోసం నువ్వు."

రాజమణి గునుగు కట్టకు దారం మీద దారం చుట్టింది. కట్ట ఎంత బిగుసుకుందంటే కాడలు పుటుక్కున విరిగాయి.

మరునాడు తెల్లవారక ముందే, గౌరమ్మకు పెట్టే సద్దుల కోసం పొయ్యి వెలిగింది. నువ్వులు వేయించింది, కొబ్బరి తురిమింది, చింతపండు పులుసు ఉడికించింది, పెరుగన్నానికి పోపు పెట్టింది, రొట్టె, బెల్లం కలిపి మలీద ముద్దలు చేసింది. గౌరమ్మకు పెట్టకముందు రుచి చూడకూడదు కాబట్టి ఉప్పు కూడా వాసనతోనే చూసింది. మధ్యలో చాయ్‌లకు లెక్కే లేదు. తల్లీబిడ్డలు తాంబాళంలో ఆకులు పరిచి తంగేడు, గునుగు, బంతి వరసలు వరసలుగా పేర్చారు. మీద పసుపు గౌరమ్మను నిలబెట్టేసరికి బతుకమ్మ స్నేహ నడుము దాకా వచ్చింది.

పొద్దు వాలే వేళకు రాందాస్ చౌరస్తా అంతా బతుకమ్మలే. బస్సులు తిరగాల్సిన రోడ్డు మీద ఆడవాళ్లు! ఎప్పుడూ బస్సుకు భయపడి పక్కకు జరిగే రాజమణి, ఆ రోజు నడిరోడ్డు మీద నిలబడి చప్పట్లు కొట్టింది. ఎవరో 'జై తెలంగాణ' అంటే, ఆమెకు తెలియకుండానే ఆమె గొంతూ లేచింది. ఆ గొంతు విని తనే ఉలిక్కిపడింది. పక్కన స్నేహ పగలబడి నవ్వింది. "మస్తుందమ్మా గొంతు! మా రూముకు రా, ముందట నిలవెడ్తం."

చెరువులో బతుకమ్మలను వదిలాక, కట్ట మీద ఆడవాళ్లు సద్దుల డబ్బాలు విప్పారు. ఒకరికొకరు ఎదురుగా నిలబడి, కొంగు పట్టి, చేతులు మార్చుకొని వాయనాలు ఇచ్చుకుంటున్నారు. ఏటా ఈ వేళ రాజమణి చేసేది ఒకటే. తన డబ్బా అంతా పంచుతుంది. తనకొచ్చినదంతా కొంగున కట్టుకొని ఇంటికి మోస్తుంది. అక్కడ ఆయనకు పెట్టి, వచ్చినవాళ్లకు పెట్టి, మిగిలితే నోట్లో వేసుకుంటుంది.

ఈసారి డబ్బా స్నేహ లాక్కుంది. నువ్వుల సద్ది పిడికెడు తీసి తల్లి ఎదురుగా నిలబడింది.

"ఇస్తినమ్మ వాయనం."

"నాకెందుకే? అమ్మలక్కలకు ఇయ్యి."

"ఇస్తినమ్మ వాయనం!" అంది స్నేహ ఇంకా గట్టిగా. పక్కనున్న ఆడవాళ్లు నవ్వుతూ చూస్తున్నారు. "తీస్కో రాజమణక్కా, బిడ్డ ఇస్తుంటే వద్దంటరా?" అంది ఒకామె.

"పుచ్చుకొంటినమ్మ వాయనం" అని రాజమణి దోసిలి పట్టింది. అలవాటుగా చెయ్యి కొంగు వైపు పోయింది. బిడ్డ కళ్లు ఆ చేతినే చూస్తున్నాయి. గేటు దగ్గర, ఎవరూ కొట్టకుండానే, దబ్బున పడిన పిల్ల కళ్లు. రాజమణి చెయ్యి దారి మార్చుకొని నోటి దగ్గరికి వచ్చింది.

ఎంత కమ్మగా ఉంది! వేయించిన నువ్వుల వాసన ముక్కులోకి, ఉప్పు సరిగ్గా, కారం సరిగ్గా. ఇన్నేళ్లు తన చేతి వంటను అందరూ తింటూ ఉంటే చూసింది, వేడి మీద, ఆకలి మీద తను తినలేదు. ఇంకో పిడికెడు తీసుకుంది. కొబ్బరి సద్ది, పులిహోర, మలీద. కట్ట మీద నిలబడి, జారిన జుట్టు పైకి తోసుకుంటూ, ఎవరు చూస్తున్నారో చూసుకోకుండా తిన్నది. కాళ్లలోకి బలం దిగుతుంటే తెలుస్తోంది. తనకు ఇంత ఆకలి ఉందని కడుపు నిండుతుంటేనే తెలిసింది.

కరుణాకర్ బండి మీద వచ్చి కట్ట కింద ఆగాడు. వెనక శివ్వంపేట సార్.

"ఇంక గాలేదా? సార్ గూడ ఆకలి మీదున్నడు. పా, వచ్చి పెట్టుదువు."

"వంటింట్ల పెద్ద గిన్నెల ఉన్నయి సద్దులు. మూత తీస్తే కనవడ్తయి, పెట్టుకోండ్రి" అంది రాజమణి. "ఇంకొకటి. రేపు పిల్ల ముక్తార్ బండ్ల పోతది."

ఆయన సార్ వైపు చూసి, ఇబ్బందిగా నవ్వాడు. "ఏం మాట్లాడుతున్నవే? పిల్ల పోతే నువ్వు ఇంట్ల ముద్ద ముట్టవ్. పరేషాన్ అయి మంచం పడ్తవ్. నీ కోసమే గదా నేను పోవద్దంటున్న?"

భయం ఉంది. రేపు బండి కదలగానే లాఠీ, పొగ, ఠాణా మళ్లీ వరసగా వస్తాయని ఆమెకు తెలుసు. వచ్చినా సరే. వాటిని తను మోసుకుంటుంది, బిడ్డ చేత మోయించదు. వేలికంటిన నువ్వుల పొడి నాక్కుంటూ, ఎన్నో ఏళ్లుగా రోజూ అంటున్న మాటే రాజమణి మళ్లీ అన్నది. పెళ్లయ్యాక మొదటిసారి అది అబద్ధం కాదు.

"నేను తిన్న."