ఆఖరి కడుగునీళ్ళ ప్లేటు

ఆకు లోపల కాపురముండే బూజు కోసం ఆరేళ్ళుగా నా తల ప్రాణం తోకకొస్తోంది. మందుమొక్కల ఆకుల్లో అలాంటి బూజులుంటాయి. వాటిలో కొన్ని బ్యాక్టీరియాను చంపుతాయి. అలాంటిదొకటి దొరికితేనే నాకు డాక్టరేటు, మా గైడుగారికి దండలు.

పద్ధతి ఇది: ఆకును స్పిరిట్‌లో, బ్లీచింగ్ నీళ్ళలో ముంచి, మరిగించి చల్లార్చిన నీళ్ళతో మూడుసార్లు కడగాలి. ఆకు ముక్కను బూజు మొలవడానికి మేత పోసిన మూత ప్లేటు ఒకదానిలో పెట్టాలి, ఆఖరి కడుగునీళ్ళను ఇంకో ప్లేటులో పొయ్యాలి. నీళ్ళ ప్లేటులో ఏమీ మొలవకూడదు. మొలిచిందా, ఆ బూజు ఆకు లోపలిది కాదు, బయటిది.

ఈసారి ఆకు ముక్క మీద పచ్చటి బూజు లేచింది. బ్యాక్టీరియా మధ్యలో పెడితే చుట్టూ ఖాళీ చేసి పారేసింది. గైడుగారు ఎగిరి గంతేసి పత్రికలవాళ్ళకు కబురు పెట్టారు. తీరా నీళ్ళ ప్లేటు చూద్దును కదా, అందులోనూ అదే పచ్చ బూజు!

"సార్, ఇది గాల్లోంచి పడిందండీ."

"ఆ ప్లేటు మనం పెట్టనేలేదమ్మా," అన్నారాయన, నా థీసిస్ మీద సంతకం గీకుతూ. "చెత్తలో పడెయ్."

పడేశాను. సిగ్గులేకుండా పడేశాను. ఆరేళ్ళండీ మరి!

మర్నాడు పేపర్లో గైడుగారి ఫోటో. 'మొండి పుండ్లకు ఆకులోనే మందు' అట. మధ్యాహ్నం మా ల్యాబు అటెండరు బాబాయ్ వచ్చి రుమాలు విప్పాడు. లోపల నా ప్లేటు. మూత మీద నా చేతిరాతే.

"పేపరు చూశానమ్మా. ఇదీ ఆ మందే కదా, పారేశారేంటి? మీ పిన్ని కాలి పుండు ఎన్ని వాడినా మానట్లేదు. ఇవాళ రాద్దామని దాచా. రోజుకెన్నిసార్లు రాయాలి?"

ప్లేటు లాక్కున్నాను. "రాయొద్దు బాబాయ్! అది గాల్లోంచి పడ్డ ఉత్త బూజు, మందు కాదు. కాలికే ముప్పు."

"మరి సారు..."

"సారు అబద్ధం చెప్పారు. నేను నోరు మూసుకున్నాను."

బాబాయ్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, "ఇంకేదైనా మందుందా తల్లీ?" అన్నాడు.

"లేదు బాబాయ్."

పైఅంతస్తులో గైడుగారు టీవీవాళ్ళతో మాట్లాడుతున్నారు. ప్లేటూ థీసిస్సూ పట్టుకుని మెట్లెక్కాను. కెమెరా ముందే సంతకం ఉన్న పేజీ చించి ఆయన బల్ల మీద పరిచి, దాని మీద ప్లేటు పెట్టాను.

"ఇది కూడా మనమే పెట్టాం సార్," అన్నాను.