చీమంత బొమ్మకు దక్కిన భేష్

మా పక్క షెడ్డులో నీళ్ళ మోటార్లు బాగుచేసే పెద్దాయన నోట ‘భేష్’ అన్న మాట రావాలంటే పెట్టి పుట్టాలి. మొన్నొకసారి అన్నారు. రేకుల మీది కాకులు దడుసుకుని ఎగిరిపోయి ఇప్పటికీ తిరిగిరాలేదు. కళ్ళారా చూశాను, నమ్మితే నమ్మండి.

ఆ మాట దక్కింది ఆయన చిన్నల్లుడికి. షెడ్డులో పనికి వచ్చీ రాగానే, విప్పిన మోటారు బొమ్మ ఒకటి కంప్యూటరులో గీసి చూపించాడు. ఆ ఒక్క మాట కోసం ఏళ్ళ తరబడి గ్రీజు పూసుకుంటున్న పెద్దల్లుడికి ఇంతవరకూ దక్కింది ‘ఊఁ’ మాత్రమే. ఇక అతని కడుపుమంట చూడాలి! దాంతో వెల్డింగు చేసుకోవచ్చు.

మోటారు వాడకం గురించి జనం ఫోనులో చూసుకునే వెబ్‌పేజీ తయారుచేసేది పెద్దల్లుడే. మామూలు అక్షరాల ఫైలులో అంతా రాసి మీట నొక్కితే పేజీ అయిపోతుంది. బొమ్మ వెడల్పెంతో కూడా అందులోనే ఒక వరుసలో రాయాలి. తెర నిండా రావడానికి నూరు శాతం అని ఉన్నదాన్ని చెరిపి, అయిదు శాతం చేశాడు. తోడల్లుడి మోటారు చీమంతయి పేజీ మూలన నక్కింది.

మామగారు ఫోను అందుకుని కళ్ళు చికిలించారు.

“ఏంటయ్యా ఇది, నలుసు పడిందా?”

వేలితో తుడిచారు. పోలేదు. రెండు వేళ్ళు పెట్టి సాగదీశారు. ఫోటో అయితే ఆ లాగుడికి గళ్ళు గళ్ళుగా చెదిరిపోయేది. ఇది గీతల బొమ్మాయె, సాగదీసిన కొద్దీ మళ్ళీ కొత్తగా గీసుకుంటుంది. బోల్టు మీది మర కూడా తేటగా కనబడింది. ఇంకాస్త లాగితే ఆ మోటారు తెర దాటి వచ్చి మా ఇంటి ట్యాంకు నింపేదే!

“పట్టే చోటేమో ఇంతే, కావాలంటే ఏనుగంత! ఇలా పెట్టాలని తోచిందెవరికి?”

చిన్నల్లుడు పెద్దల్లుడి కంప్యూటరులో ఆ అయిదును చూశాడు, తర్వాత అతని మొహం చూశాడు.

“అన్నయ్యకే, మామయ్యా. నాకసలు తట్టనే లేదు.”

“భేష్, పెద్దల్లుడూ!”

మధ్యాహ్నం పెద్దల్లుడు కంచం ముందు ఊరికే కూర్చున్నాడు.

“నాన్న మిమ్మల్ని భేష్ అన్నారటగా! మరి ఆ మొహమేంటి, కాలిన మోటారులా?” అంది భార్య.

“అన్నది మీ నాన్నే. ఇప్పించింది వాడు” అని కంచం పక్కకు నెట్టేశాడు.