బంతి కంటే ముందు పెన్ను

బుధవారం పొద్దున పదకొండు గంటల ఆట అంటే స్కూలు పిల్లల ఆట. రెండు వేల మంది పిల్లలు పసుప్పచ్చ బస్సుల్లోంచి దిగి, ఎందుకో తెలియకుండానే మూడు గంటలపాటు అరుస్తారు. జట్టు కోసం ఆటగాళ్ళను వెతికే మా స్కౌట్లకు ఆ పూట చెవుల్లో దూది తప్పనిసరి.

నేను ఇరవై ఆరేళ్ళుగా అయోవా చుట్టుపక్కల బేస్‌బాల్ మైనర్ లీగ్ మైదానాలు తిరుగుతూ పిచ్చర్లకు, అంటే బంతి వేసేవాళ్ళకు, మార్కులు వేస్తున్నాను. ఇరవైకి తక్కువ వేయకూడదు, ఎనభైకి మించకూడదు. ఎందుకని మాత్రం అడక్కండి, నేను చేరేటప్పటికే అలా ఉంది.

ఆ రోజు నేను చూడాల్సింది ట్రేస్ మల్లోరీ అనే కుర్రాణ్ణి. టగ్‌బోట్స్ జట్టు పిచ్చరు, ఇరవై ఒక్కేళ్ళు, తాటిచెట్టంత మనిషి. గంటకు తొంభై ఎనిమిది మైళ్ళ వేగంతో వేస్తాడు. వాళ్ళకొక ఆటగాణ్ణి ఇచ్చి వీణ్ణి తెచ్చుకోవాలని మా జట్టు బేరమాడుతోంది. నా పై అధికారి గ్రెచెన్ ముందు రోజే ఫోన్ చేసి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. అంత వేగం ఉన్నవాణ్ణి బ్యాటర్లు అంత తేలిగ్గా ఎలా కొడుతున్నారు? బుధవారం సాయంత్రంలోగా జవాబు కావాలంది.

బ్యాటర్ నిలబడే ప్లేటు వెనక వరసలో నా మామూలు సీట్లో కూర్చున్నాను. ఎడమ పక్కన ఓస్ట్రాండర్, వేరే జట్టు స్కౌటు. నాతో పాటే జుట్టు ఊడిన మనిషి. బంతి వేగం కొలిచే నా రాడార్ గన్ చూసి ఎప్పటిలాగే మొదలుపెట్టాడు.

"ఒరేయ్ డెల్, దాన్ని ఇంకా పారెయ్యలేదా? అది చూపించే అంకెలో సగం నీ వయసు కలుస్తుందిరా."

"నీదాన్లో నీ పొట్ట కలుస్తుందిలే" అన్నాను.

కుడి పక్క సీట్లో టగ్‌బోట్స్ పిచ్చరే ఒకడు ఒళ్ళో అట్ట పెట్టుకుని కూర్చున్నాడు. పేరు ఎల్డన్ వీలాక్. నిన్న బంతి వేసినవాడు ఇవాళ జనంలో కూర్చుని, తన జట్టు పిచ్చరు వేసే ప్రతి బంతినీ కాగితం మీద రాయాలి. ఇక్కడ పద్ధతి అది. వేగం బంతికి గీత, నెమ్మది బంతికి సున్నా. అంటే మేం ఎవరికి మార్కులు వేస్తామో వాళ్ళే పక్కన కూర్చుని మా గన్నులోకి తొంగి చూస్తుంటారన్నమాట.

వీలాక్ నాకు ఎరుకే. పోయినేడు వాడికి నేను వేసిన మార్కులు నలభై. ఇరవై ఆరేళ్ళు, ఎడంచేతి వాటం, ఎంత లాగినా ఎనభై ఎనిమిది దాటడు. శుక్రవారం కాలేజీల నుంచి ముగ్గురు కొత్త పిచ్చర్లు దిగుతున్నారు. ముగ్గురు వస్తే ముగ్గురు పోవాలి, అందులో మొదటి పేరు వీలాక్‌దే. ఆ సంగతి బఠాణీలు అమ్మేవాడికి కూడా తెలుసు. వీలాక్‌కి తెలియదా? అయినా చక్కగా గడ్డం గీసుకుని, "గుడ్ మార్నింగ్ సర్" అని, నాక్కూడా ఒక పొద్దుతిరుగుడు గింజల పొట్లం తెచ్చాడు.

మొదటి రెండు ఇన్నింగ్స్ మల్లోరీ తొంభై ఎనిమిది, తొంభై ఏడు, తొంభై ఎనిమిది. నేను అరవై మార్కులు రాసేసుకున్నాను. అయినా బ్యాటర్లు కొడుతూనే ఉన్నారు. ముఖ్యంగా నెమ్మది బంతి పడితే చాలు, పెళ్ళివారికి ఎదురెళ్ళినట్టు తాపీగా నిలబడి మరీ బాదుతున్నారు. గన్ను చూసి, చేతి ఊపు చూసి, కాలు చూసి ఏమీ తేల్చుకోలేకపోయాను.

మూడో ఇన్నింగ్స్‌లో ఓస్ట్రాండర్ సాసేజ్ రొట్టె తెచ్చుకుంటానని లేచాడు. పిల్లల క్యూ వెనక ఇరుక్కుని అరగంట రాలేదు. వాడి జీవితంలో అంత ఖరీదైన సాసేజ్ తిని ఉండడు.

ఎందుకంటే అప్పుడే నా గింజల పొట్లం కింద పడింది. తీద్దామని వంగితే వీలాక్ ఒళ్ళో అట్ట నా ముక్కు కిందికి వచ్చింది. వాడి పెన్ను సున్నా చుట్టింది. తలెత్తి చూస్తే మల్లోరీ ఇంకా కాలు ఎత్తనే లేదు. తర్వాత పడింది నెమ్మది బంతి.

పొరపాటేమో అనుకుని, గింజలు ఏరుకుంటున్నట్టు నటిస్తూ ఇంకా చూశాను. గీత, వేగం బంతి. గీత, వేగం బంతి. సున్నా, నెమ్మది బంతి. తొమ్మిది బంతులకు తొమ్మిదీ, మల్లోరీ చెయ్యి కదలకముందే కాగితం మీదున్నాయి.

"ఏం నాయనా" అన్నాను మెల్లగా, "బంతి పడకముందే రాసేస్తున్నావే?"

వీలాక్ మొహం టొమాటో అయిపోయింది. తను ముందే రాస్తున్నట్టు వాడికే తెలియదు పాపం. గబుక్కున అట్ట తిరగేసి గుండెకి ఆనించుకున్నాడు.

"నాకు తెలియకుండానే చెయ్యి పోయింది సర్."

"వాడేదో దాచుకోలేకపోతున్నాడు. నీకు కనిపించింది. ఏంటది?"

"చెప్పను సర్. మీరు అవతలి జట్టు మనిషి. వాడు మావాడు."

శుక్రవారం సంగతి గుర్తు చేశాను. అనకూడని మాటే, తర్వాత సిగ్గేసింది కూడా. వాడు కోపం తెచ్చుకోలేదు.

"శుక్రవారం దాకా మావాడే కద సర్" అన్నాడు.

వాడికైనా చెప్పావా అని అడిగాను. ఇవాళే కంట పడిందట. ఆట మధ్యలో చెబితే దాని గురించే ఆలోచించుకుని ఉన్న బంతి కూడా పాడు చేసుకుంటాడట, అయ్యాక తిండి దగ్గర చెబుతాడట. ఆ తర్వాత పెన్నుకి మూత పెట్టి పళ్ళ మధ్య పట్టుకున్నాడు. ప్రతి బంతీ పడ్డాక, పిల్లల కేకలు ఆగాక, అప్పుడు మాత్రమే మూత తీసి రాశాడు. నేను మిగతా ఆటంతా కళ్ళు చించుకుని చూశాను. ఏమీ కనబడలేదు. ఓస్ట్రాండర్ ఆవ సాసు చొక్కాకి పూసుకుని వచ్చి, వేగానికి అరవై కద అన్నాడు. అరవైయ్యే అన్నాను.

కార్లో కూర్చుని గ్రెచెన్‌కి ఫోన్ చేశాను. మల్లోరీ నెమ్మది బంతి ముందే తెలిసిపోతోంది, ఎలాగో నాకు తెలియదు, కానీ బాగవుతుంది అన్నాను. తెలియకుండా బాగవుతుందని ఎలా చెబుతున్నావంది. అది తెలిసినవాడు ఒకడున్నాడు, వాణ్ణి కొసరుగా అడగమన్నాను.

గ్రెచెన్ కంప్యూటర్‌లో వీలాక్ వివరాలు చూసినట్టుంది. మీటల టకటకలు వినిపించాయి.

"ఎనభై ఎనిమిది వేసేవాడా? వీడికి నలభై వేసింది నువ్వే కదయ్యా."

"చేతికి నలభై. కంటికి వేసే గడి మన కాగితంలో లేదు. ఉంటే ఎనభై వేద్దును. నోటికి కూడా ఎనభై. నేనెంత గుచ్చినా తనవాడి గుట్టు బయటపెట్టలేదు. ఈ ఏడాది మనకు బంతులు వేస్తాడు, ఆ తర్వాత మన పిల్లలకు నేర్పుతాడు."

ఆలోచిస్తానని పెట్టేసింది. గురువారమంతా ఫోన్ రాలేదు. ఒక నలభై మార్కుల మనిషి కోసం నాకు అన్నం సయించకపోవడం అదే మొదలు.

శుక్రవారం మధ్యాహ్నం బేరం తెగింది. ఇద్దరూ మా జట్టుకే వచ్చారు. శనివారం పొద్దున మా జట్టు మైదానానికి వెళితే మల్లోరీ బంతులు వేస్తున్నాడు, వీలాక్ వాడి వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒంటి మీద మా చొక్కా, రెండు సైజులు పెద్దది.

"ఇప్పుడు నేను నీవాణ్ణే కదా" అన్నాను. "చెప్పు మరి."

వీలాక్ నవ్వాడు. మల్లోరీని పిలిచి, చెప్పనా అని అడిగాడు. వాడు భుజాలు ఎగరేశాక నా వైపు తిరిగాడు.

"బంతి దాచుకునే గ్లవ్ ఉందే, దాని బయట పెట్టుకునే చూపుడు వేలు సర్. లోపల నెమ్మది బంతికి పట్టు మార్చేటప్పుడు పైకి లేచేది. ఇప్పుడు ఆ వేలి మీద గ్లవ్‌కే తొడుగు వేయించాం, కనబడదు."

"అంతేనా? మరి నాకెందుకు కనబడలేదు?"

"మీరు గన్ను చూస్తున్నారు సర్."

ఆ రోజు నుంచి ప్రతి ఆటలో మొదటి ఇన్నింగ్స్ గన్నుని సంచీలోనే ఉంచుతున్నాను. ఓస్ట్రాండర్ మాత్రం అది చెడిపోయిందనుకుని సంబరపడుతున్నాడు.