నాజిల్ ముందర వేలు

ఆ పొద్దున ఆకాశం ముసురు పట్టేలా ఉంది గానీ చుక్క రాల్చలేదు. మౌలాలి గుట్ట మీద మబ్బు పిండని తడిబట్టలా వేలాడుతోంది. కురిస్తే కురువు, లేకుంటే పో అనుకుని సామేలు సైకిల్ దిగి, క్యాంపస్‌లో ఇంజన్ ల్యాబ్ షట్టర్ ఎత్తాడు. ముందుగా డీజిల్ వాసన బయటికి వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళుగా పొద్దున్నే ఆయన్ని పలకరించేది ఆ వాసనే.

జనగామ పక్కన పల్లె ఆయనది. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివి, మౌలాలిలో డీజిల్ పంపులు బాగుచేసే ఉస్తాద్ దగ్గర పనికి కుదిరి, అక్కణ్ణుంచి ఈ ల్యాబ్‌లో మెకానిక్‌గా చేరాడు. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఇంజన్ ఆగి ఆగి నడుస్తుంటే చదువుకున్నవాళ్ళు మీటర్ల వైపు చూస్తారు. సామేలు మాత్రం పంపు నుంచి, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్‌కు పోయే సన్నటి ఉక్కు గొట్టం మీద కుడిచేతి చూపుడువేలు ఆనించి కళ్ళు మూసుకుంటాడు. పంపు కొట్టే ప్రతి దెబ్బా ఆ గొట్టంలో నాడిలా కొట్టుకుంటుంది. ఏ దెబ్బ బలంగా పడింది, ఏది తప్పింది, ఆ వేలు చెబుతుంది. ప్రొఫెసర్లు కూడా పక్కన నిలబడి ఆ వేలు ఏం చెబుతుందోనని చూసేవాళ్ళు.

తొమ్మిదింటికి గ్లోరీ వచ్చింది. రేపల్లె దగ్గరి పిల్ల, బడిపంతులు కూతురు. ఎంటెక్ రెండో ఏడు. డీజిల్‌లో కానుగ నూనె కలిపితే ఇంజన్ ఎలా నడుస్తుందో చూడడం ఆమె పని. రెండు రోజులుగా ఆ ఇంజన్ నల్లపొగ కక్కుతోంది. చేతులకు గ్లవ్స్ తొడుక్కుంటుంటే సామేలు రోజూ అనే మాటే మళ్ళీ అన్నాడు.

"ఏంది బిడ్డా, ఆపరేషన్ చేస్తవా ఏంది?"

"మీ ఇంజన్‌కి జబ్బు చేసింది కదా బాబాయ్ గారూ. చెయ్యాల్సొస్తుందేమో!"

సామేలు మీసం కింద నవ్వాడు. పొగగొట్టం మూతికి అంటిన మసి వేలితో తీసి చూపించాడు.

"ఈ ఇంజన్‌ల నిప్పు ఎవలు పెడ్తరు?"

"ఎవరూ పెట్టరు. దీనికి స్పార్క్ ప్లగ్ ఉండదుగా."

"మరి ఎట్ల అంటుకుంటది?"

ఆ పిల్లకు తెలుసు. పుస్తకంలో నాలుగు పేజీలున్నాయి. అయినా ఆయన నోట వినాలని ఊరుకుంది.

"సైకిల్ పంపు కొడితే అడుగున చెయ్యి కాలుతది, చూసినవా? గాలిని ఒత్తితే గాలి వేడెక్కుతది. గీ పిస్టన్ ఏం చేస్తది, బిందెడు గాలిని గ్లాసుల కుక్కినట్టు కుక్కుతది. ఆ గాలి పెనం లెక్క అయితది. సరిగ్గ అప్పుడు డీజిల్ లోపల పడాలె. జర ముందు పడితే ఇంజన్ కొట్టుకుంటది, లేటయితే పొగ."

"ధారగా పడితే?"

"ధార లెక్క పడితే కాలది. నల్లపొగ. మంచు లెక్క పడాలె. అందుకే రెండు వందల కిలోల జోరుతోని, వెంట్రుకంత బొక్కలకెళ్ళి కొడ్తది. ఒక్కసారి లోపలికి పోయినంక ఆగదు బిడ్డా. ఎంత జాగ ఉంటే అంత పరుచుకుంటది."

గ్లోరీ ఆ మాటలు నోట్‌బుక్‌లో రాసుకుంది.

నాజిల్ విప్పి చూస్తే కానుగ నూనె జిగురు మూతికి గట్టిగా పట్టి ఉంది. ఇత్తడి బ్రష్‌తో గీకి, కడిగి, దాన్ని టెస్టర్‌కు బిగించాడు. టెస్టర్ అంటే మరేం లేదు, లీవర్ ఉన్న చేతిపంపు. లీవర్ నొక్కితే మీటరు ముల్లు లేస్తుంది. ముల్లు రెండు వందలకు రాగానే నాజిల్ లోపలి సూది లేచి, కిర్రుమని డీజిల్ పొగమంచులా చిమ్ముతుంది. దెబ్బ దెబ్బకూ నాజిల్ మూతి తుడిచి, బొట్టు నిలుస్తుందా అని చూడాలి. గుడ్డతో తుడిస్తే పీచు అంటుకుంటుందని ఉస్తాద్ చెప్పేవాడు. అందుకని సామేలు ఎప్పుడూ వట్టి వేలితోనే తుడిచేవాడు. ఎడమచెయ్యి లీవర్ మీద, కుడిచెయ్యి మూతి దగ్గర. ముప్పై ఏళ్ళుగా ఆ రెండు చేతులకూ ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలుసు. ఒకటి తప్పుకోకుండా ఇంకొకటి కదిలేది కాదు.

ఆ రోజు మాత్రం ఆయన లీవర్ గ్లోరీకి ఇచ్చాడు.

"నువ్వు కొట్టు. చెయ్యికి తెల్వాలె."

నాలుగు దెబ్బలు కొట్టింది. నాలుగుసార్లూ తుడిచాడు. ఐదోసారి వేలు ఇంకా మూతి మీదే ఉంది. "కొట్టు" అన్నాడు.

కిర్రుమంది.

సామేలు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అంతే. అరవలేదు. నెత్తురు కూడా రాలేదు. చూపుడువేలి కొసన తుమ్మముల్లు గుచ్చినంత చుక్క, దాని చుట్టూ చర్మం కొంచెం తెల్లబడి ఉంది.

"అయ్యో బాబాయ్ గారూ! నేనే..."

"నువ్వేం జేసినవ్. కొట్టుమన్నది నేను. ఏం గాలే."

నల్లా దగ్గరికి పోయి సబ్బుతో కడుక్కుని వచ్చి, మళ్ళీ పానా అందుకున్నాడు. గ్లోరీ కదల్లేదు. ఆమె గోడ మీది బోర్డు వైపు చూస్తోంది. ఇంజన్‌తో పాటు వచ్చిన ఇంగ్లీషు బోర్డు అది, ఎర్ర అక్షరాలు వెలిసిపోయాయి. దానికి మేకు కొట్టింది సామేలే. ఏటా దసరాకు తుడిచేదీ ఆయనే. ఎన్నడూ చదవలేదు, చదివి వినిపించమని ఎవర్నీ అడగలేదు.

"అందులో ఏముందో తెలుసా? ఈ పిచికారీ ఒంట్లోకి పోతే నొప్పి లేకపోయినా సరే, వెంటనే సర్జన్ దగ్గరికి పొమ్మని ఉంది. లేవండి."

"బోర్డు ఇంజన్ అమ్మినోడు రాసిండు బిడ్డా. వాడు గట్లనే రాస్తడు."

"లేస్తారా, హెడ్ గారిని పిలవనా?"

హెడ్ పేరు చెప్పాక లేవక తప్పలేదు. ఆటోలో తార్నాక పోయి, చౌరస్తా దగ్గరి చిన్న క్లినిక్‌లో చూపించారు. అక్కడి డాక్టరు వేలు అటూ ఇటూ తిప్పి, ముల్లు గుచ్చుకుందా అని అడిగి, టీటీ ఇంజక్షన్ పొడిచి, మాత్రలు రాసి పంపించాడు. సామేలు మెట్లు దిగుతూనే ఆటో కోసం చెయ్యి ఎత్తాడు.

"అయిపాయె గదా. నడు, నాజిల్ బిగిద్దాం."

"ఆయన ముల్లనుకున్నాడు. నేను చెబుతుంటే వినలేదు. మనం పెద్దాసుపత్రికి పోతున్నాం."

"నొప్పి లేదంటే సమజైతలేదా? నా వేలు సంగతి నాకు తెల్వదా?" గొంతు లేచింది. పండ్లబండి మనిషి తిరిగి చూశాడు. "పిల్లల మాట పట్టుకొని గీ వయసుల ఊరంత తిరగాల్నా?"

గ్లోరీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ ఆ పిల్ల దారికి అడ్డు తొలగలేదు. నోట్‌బుక్ తీసి, పొద్దున రాసుకున్న మాటలు ఆయన ముందు పెట్టింది.

"తెలుగే కదా, చదవండి. మీరు చెప్పిందే. వెంట్రుకంత బొక్క, రెండు వందల కిలోల జోరు. ఒకసారి లోపలికి పోయాక ఆగదు, ఎంత జాగా ఉంటే అంత పరుచుకుంటుంది. సిలిండర్లో పరుచుకుంటే వేల్లో పరుచుకోదా బాబాయ్ గారూ? బయట చుక్కే కనబడుతోంది. లోపల ఎంత దూరం పోయిందో ఎవరికి తెలుసు?"

సామేలు తన వేలు చూసుకున్నాడు. చుక్క అలాగే ఉంది. కానీ పొద్దున తేలిగ్గా మడిచిన వేలు ఇప్పుడు బిగుసుకుని ఉంది. అది చూస్తుంటే, ఎన్నడో చచ్చిపోయిన ఉస్తాద్ చెయ్యి కళ్ళ ముందుకు వచ్చింది.

ఉస్తాద్ కుడిచేతికి చూపుడువేలు సగమే ఉండేది. అడిగితే "ఫ్యాన్ బెల్టు తినేసింది బేటా" అని నవ్వేవాడు. బెల్టు కొరికితే మచ్చ అడ్డంగా పడుతుంది. ఉస్తాద్ మచ్చ అలా ఉండేది కాదు. అరచేతి మధ్య నుంచి నిలువుగా, కత్తితో కోసి కుట్టినట్టు వచ్చి మొండి దగ్గర ఆగేది. సామేలు ఆరేళ్ళు రోజూ దాన్ని చూశాడు. చూశాడే గానీ అడగలేదు. ఆ మచ్చ ఉన్న చెయ్యే సామేలుకు వట్టి వేలితో నాజిల్ తుడవడం నేర్పింది.

ఆ వేలు తిన్నది బెల్టు కాదు, నాజిల్. సామేలు మళ్ళీ చెయ్యి ఎత్తాడు. వచ్చిన ఆటో ఎక్కి, "పెద్దాసుపత్రికి పోనియ్యి" అన్నాడు.

అక్కడి సర్జన్ మొదట వేలు చూడలేదు, గడియారం చూశాడు. ఎన్నింటికి జరిగింది, ఎంత ఒత్తిడి, ఏం నూనె అని అడిగాడు. గ్లోరీ అన్నీ చెప్పింది. స్కాన్ తీసి చూస్తే నూనె వేలి మొదలు దాటి అరచేతి అంచు దాకా పాకి ఉందట. మధ్యాహ్నం రెండింటికి ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయారు. గ్లవ్స్ తొడుక్కుంటున్న డాక్టర్ని చూసి సామేలుకు తను రోజూ ఆడే ఎగతాళి గుర్తొచ్చి, ఆ భయంలో కూడా నవ్వు వచ్చింది.

రాత్రికి మెలకువ వచ్చేసరికి చెయ్యంతా కట్టు. పక్కన భార్య ఉప్పలమ్మ, గోడకానుకుని గ్లోరీ. సర్జన్ వచ్చి, "రేపటికి వచ్చుంటే వేలు తీసెయ్యాల్సి వచ్చేది. ఎవరు తొందర పెట్టారు?" అన్నాడు. సామేలు గడ్డంతో గ్లోరీ వైపు చూపించాడు.

"ఈ మనిషి గంతే బిడ్డా," అంది ఉప్పలమ్మ. "పెండ్లినాడు గూడ మూడు మాటలు మాట్లాడిండు. అండ్ల ఒకటి అన్నం పెట్టుమని."

గ్లోరీ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఉప్పలమ్మ ఆ పిల్ల తల తన భుజానికి ఆనించుకుంది.

వేలు ఉంటుందన్నారు గానీ, మునుపటిలా పనిచేస్తుందని ఎవరూ చెప్పలేదు. వాళ్ళది తార్నాకలో రైలు పట్టాలకు దగ్గరి సందులో రెండు గదుల ఇల్లు. సామేలు ఆరు వారాలు గడప మీద కూచుని, రబ్బరు బంతి పిసుకుతూ, పోయే రైళ్ళను చూశాడు. డీజిల్ ఇంజన్ వస్తే పొగ చూసి దాని ఆరోగ్యం చెప్పేవాడు, వినేవాళ్ళు లేకపోయినా. చెంచాతో తినడం రాక ఎడమచేత్తో ఒలకబోసుకుంటుంటే ఉప్పలమ్మ ముద్దలు కలిపి పెట్టేది. ఆయన తలొంచుకుని తినేవాడు. వేలి కొస మొద్దుబారి ఉండేది. పొద్దున లేస్తూనే దాన్ని మంచం పట్టె మీద ఆనించి చూసుకునేవాడు. ఏమీ చెప్పేది కాదు.

సాయంత్రాలు గ్లోరీ వచ్చేది. ఒకరోజు సామేలు ఒక రేకుముక్క, ఎర్రరంగు డబ్బా ముందు పెట్టుకుని కూచున్నాడు.

"ఆ బోర్డు మీద ఏమున్నదో చెప్పు. అంతా చెప్పు."

ఆమె చెప్పింది. ఆయన ఎడమచేత్తో రాశాడు. అక్షరాలు బడి మొదటిరోజు పలకమీదివిలా వంకరపోయాయి. "నాజిల్ ముందర వేలు పెట్టకు. మూతి తుడవాలంటే లీవర్ వదిలి, ఒత్తిడి దింపి తుడువు. పిచికారీ తగిలితే నొప్పి లేకున్నా పెద్దాసుపత్రికి పో. చిన్న డాక్టర్ ముల్లు అంటే వినకు."

"చివరిది ఇంగ్లీషులో లేదు బాబాయ్ గారూ."

"ఉండాలె."

ఏడో వారం ఆయన మళ్ళీ ల్యాబ్ తాళం తీశాడు. కొత్త బోర్డుకు మేకు కొట్టాడు. గ్లోరీ ఈ లోపు నాజిల్‌ను తనే శుభ్రం చేసి, ఒత్తిడి సరిచూసి బిగించి ఉంచింది. ఇంజన్ తిప్పింది. అది రెండుసార్లు దగ్గి అందుకుంది. పొగగొట్టం మీద గాలి కదలడమే కనబడింది, నలుపు లేదు.

సామేలు దగ్గరికి వచ్చాడు. కుట్ల మచ్చ నిలువునా ఉన్న వేలిని ఉక్కు గొట్టం మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు ఆయన ముఖం కదల్లేదు. వేలు కొంచెం కిందికి జరిపాడు, కొస నుంచి మెత్తటి చోటికి. మరికొంత జరిపాడు. అక్కడ ఆగాడు. తల సన్నగా ఊగడం మొదలైంది, దెబ్బ దెబ్బకూ.

"కొడ్తున్నది," అన్నాడు. "దూరంకెళ్ళి ఇనబడ్డట్టున్నది. గానీ కొడ్తున్నది."

కాసేపయ్యాక కళ్ళు తెరిచాడు.

"మంచిగ బిగించినవ్ బిడ్డా. అన్నం తిందువు రా. మీ పిన్ని నిన్ను తోలుకరమ్మన్నది."

ఇంట్లో ఉప్పలమ్మ చాప పరిచి మూడు కంచాలు పెట్టింది. వేడన్నం, పచ్చిపులుసు, ఎండురొయ్యల వేపుడు, కోసిన ఉల్లిగడ్డ. రోజూ రెండు ముక్కల్లో ప్రార్థన ముగించే సామేలు, ఆ రోజు కళ్ళు మూసుకుని చాలాసేపు తెరవలేదు. పెదవులు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. పట్టాల మీద ఒక రైలు వచ్చి, పోయింది. ఆయన ఆ పొగ సంగతి చెప్పలేదు.

కళ్ళు తెరిచి అన్నంలో చెయ్యి పెట్టాడు. ఉప్పలమ్మ చెంచా అందించబోయి ఆగిపోయింది. నాలుగు వేళ్ళూ ముడుచుకున్నాయి, చూపుడువేలు కొంచెం ఆలస్యంగా వచ్చి వాటితో కలిసింది. మొదటి ముద్దలోంచి నాలుగు మెతుకులు జారిపడ్డాయి. వాటిని అదే వేలితో ఏరుకుని తిన్నాడు. ఉప్పలమ్మ అడక్కుండానే గ్లోరీ కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది, తర్వాత ఆయన కంచంలో. ముగ్గురూ కంచాలు ఖాళీ అయ్యేదాకా తిన్నారు.